మస్కట్ మామ లేటు కాయితం

ఆ రోజుల్లో మా కోరుట్లలో ఇంగ్లీషులో ఒక అర్జీ రాయగలిగినవాడికి ఉన్న గౌరవం గురించి ఇప్పుడు చెప్తే ఎవరూ నమ్మరు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరక్క, బస్టాండు దగ్గర చాచా నడిపే నెట్ సెంటర్లో కూర్చునేవాణ్ణి. చాచా ఎవరికి చాచానో నాకు తెలియదు, ఊరందరికీ చాచానే. గల్ఫుకు పోయేవాళ్ళ వీసా కాపీలు, టికెట్ల ప్రింట్లు, జిరాక్సులు, లామినేషన్లు మా వ్యాపారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను ఉద్యమం టెంటుకు పోయి తహసీల్దారుకు ఇచ్చే వినతిపత్రాలు రాసేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు వచ్చిన ఇంగ్లీషు ఉత్తరం ఒక్కటే. అది 'మేము తీవ్రంగా డిమాండ్ చేస్తున్నాం' అని మొదలై 'జై తెలంగాణ' అని ముగిసేది. ఏ పని మీద రాసినా నా చేతిలో ఆ ఉత్తరమే తయారయ్యేది. (ఒకసారి పక్క దుకాణం అతని కొడుక్కి జ్వరమొస్తే బడికి సెలవు చీటీ రాసిచ్చాను. పిల్లవాడి తరఫున రెండు రోజుల సెలవు డిమాండ్ చేశానట. హెడ్మాస్టరు వాళ్ళ నాన్నను పిలిపించి, సమ్మె ఎప్పటినుంచి అని అడిగాడు.)

అట్లా నా కీర్తి వెలుగుతున్న కాలంలో మస్కట్ మామ దుకాణం మెట్లెక్కాడు. మామ మా అమ్మకు వరుసకు తమ్ముడు. మేడిపల్లి ఆయనది. మస్కట్‌లో పదేళ్ళుగా కట్టుబడి పని. సెలవు మీద వచ్చాడని తెలుసు కానీ, ఆయన అక్క బిడ్డ పెండ్లిలో జరిగిన గొడవ సంగతి అంతవరకు నాకు సగమే తెలుసు. ఆ పెండ్లికి నేను పోలేదు. ఆ రోజు బంద్ కాబట్టి కోరుట్ల చౌరస్తాలో రాళ్ళు పెట్టి బస్సులు ఆపే పనిలో ఉన్నాను.

మామ అక్కను తంగళ్ళపల్లిలో ఇచ్చారు. నాకు చిన్నమ్మ అవుతుంది. ఇంట్లో నాలుగు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, పొద్దంతా ఆడుతుంటాయి. ఒక్కతే కూతురు. పెండ్లిపిల్లను మేనమామ చెయ్యి పట్టుకుని పందిట్లోకి తేవాలి కదా, అందుకోసమే మామ సెలవు పెట్టి బయలుదేరాడు. బుధవారం పొద్దున హైదరాబాదులో దిగాల్సిన విమానం ఇంజన్ చెడిపోయి మస్కట్‌లోనే పంతొమ్మిది గంటలు ఆగిపోయి, గురువారం తెల్లవారుజామున దిగింది. గురువారమే పెండ్లి, గురువారమే బంద్. సిద్దిపేట దాకా పాలబండిలో, అక్కడినుంచి ఎవరిదో మోటారుసైకిలు వెనక, చివరి ఎనిమిది కిలోమీటర్లు నెత్తిన పెట్టె పెట్టుకుని నడిచి మామ తంగళ్ళపల్లి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. పందిరి విప్పుతున్నారట.

"గంతకే మీ అక్క మాట్లాడుడు బంద్ చేసిందా మామా?" అని అడిగాను.

"నమ్ముతలేదు అల్లుడా. విమానం లేటయిందంటే, అదేమన్నా ఎర్రబస్సా లేటయ్యేతందుకు, పట్నంల దోస్తులతోని తిరిగి అచ్చి సాకులు చెప్తున్నవా అంటది."

అక్క నమ్మకపోవడానికి కారణం ఉంది. రెండేళ్ళ కిందట సెలవుకు వచ్చినప్పుడు మామ నిజంగానే హైదరాబాదులో దోస్తులతో రెండు రోజులు తిరిగి, విమానం లేటయిందని చెప్పాడు. తర్వాత నెలకు దోస్తు ఒకడు ఇంటికి పంపిన ఫోటో అక్క చూసింది, అందులో మామ చార్మినారు ముందర నల్ల కళ్ళద్దాలతో నిలబడి ఉన్నాడు, ఫోటో మూలన తారీఖు ఎర్ర అంకెల్లో మెరుస్తూ ఉంది. ఈసారి మస్కట్ ఎయిర్‌పోర్టునుంచి ఫోన్ చేస్తే మామ బావ, అంటే ఆ అక్క భర్త, "మళ్ళ గదే కథనా?" అని పెట్టేశాడట. పందిట్లోకి పిల్లను తెచ్చింది ఎవరో దూరపు చుట్టం. పెండ్లి ఆల్బమ్‌లో మామ ఉండాల్సిన చోట ఆయన మీసాలు తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"ఒడిబియ్యం పోస్త, ఇంటికి రా అక్కా అని పోయిన. ఇగ నీ ఒడిబియ్యం నాకద్దు అన్నది అల్లుడా." మా వైపు అన్నో తమ్ముడో ఆడపిల్ల ఒళ్ళో పోసే ఒడిబియ్యం వద్దని ఆమె అన్నదంటే పుట్టింటి గడప ఇక తొక్కనని చెప్పినట్టే. మామకు తిరుగు టికెట్టు ఇంకా ముప్పై రోజుల్లో ఉంది. ఒకసారి పోతే మళ్ళీ రెండేళ్ళకు గానీ రాడు.

"నాకు ఒక్క కాయితం గావాలె. గా విమానం కంపెనోళ్ళు, అవును, మా విమానం లేటయింది అని రాసి, గోల్ ముద్ర గుద్ది ఇయ్యాలె. గంతే."

నాకు నవ్వొచ్చింది. ఇంత అన్యాయం జరిగితే ఒక్క కాగితమా? "కాయితం ఏంది మామా? నష్టపరిహారం అడుగుదాం. గది నీ హక్కు," అన్నాను. "పైసలు నాకద్దు," అన్నాడు మామ. "నీకద్దు గని హక్కుకు గావాలె," అన్నాను. (ఇట్లాంటి మాటలు అప్పుడు నా నోటినుంచి ధారాళంగా వచ్చేవి. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.)

ఉత్తరం నాలుగు పేరాలు వచ్చింది. అందులో విమానానికి దక్కింది ఒక్క పేరా. మిగిలిన మూడింటిలో బంద్ ఎంత సంపూర్ణంగా జరిగింది, ఒక్క చక్రం కూడా ఎట్లా కదల్లేదు, ఆ మహత్తర పోరాటం నడుమ మా మామ పాలబండిలో ఎట్లా ప్రయాణం చేశాడు అన్నది వర్ణించాను. రుజువు కోసం మా చౌరస్తాలో రాళ్ళు పెట్టిన ఫోటో పడ్డ పేపరు ముక్కను స్కాన్ చేసి జత చేశాను. అందులో ఎడమ పక్క కనపడే మోచెయ్యి నాదే. చాచా నా వెనక నిలబడి, ఏం రాస్తున్నావో చెప్పమని చెప్పించుకుని, తలకాయ అడ్డంగా ఊపాడు.

"అరే బేటా, విమానపోళ్ళకు బంద్ ముచ్చట ఎందుకు? విమానం లేటయిందని రాయ్, బస్. అర్జీ అంటే జిందాబాద్, ముర్దాబాద్ కాదు."

"సందర్భం చెప్పాలె చాచా," అని జై తెలంగాణ కొట్టి మెయిలు పంపేశాను.

మూడు వారాలు మామ రోజూ మేడిపల్లినుంచి వచ్చి, దుకాణం ముందు బల్ల మీద కూర్చుని, "అచ్చిందా?" అని అడిగేవాడు. చివరికి ఒక రోజు జవాబు వచ్చింది. అందులో ఉన్నది ఇది: మీ విమానం పంతొమ్మిది గంటలు ఆలస్యమైనందుకు చింతిస్తున్నాం. అయితే మీరే వివరంగా రాసి, ఫోటోతో సహా రుజువు చేసినట్టు, ఆ సమయంలో మీ ప్రాంతంలో రవాణా మొత్తం స్తంభించింది. అట్లాంటి పరిస్థితులు మా అదుపులో ఉండవు. కాబట్టి ఎటువంటి నష్టపరిహారమూ చెల్లించలేమని తెలియజేయడానికి చింతిస్తున్నాం.

మస్కట్‌లో ఇంజన్ చెడిపోయి ఆగిన విమానానికి కోరుట్ల చౌరస్తానుంచి నేనే కారణం సరఫరా చేశాను, అది కూడా బొమ్మతో సహా. చాచా ముఖం వైపు చూసే ధైర్యం లేకపోయింది. మామ మాత్రం తెర మీదికి వంగి, "లేటయిందని రాసిండ్రా?" అని ఒక్కటే అడిగాడు. "రాసిండ్రు మామా. పంతొమ్మిది గంటలని గూడ రాసిండ్రు." "గోల్ ముద్ర?" మెయిలుకు ముద్ర ఎక్కడినుంచి వస్తుంది? మామ ముఖం వాడిపోయింది. అప్పుడు చాచా సొరుగులోంచి మా దుకాణం రబ్బరు స్టాంపు తీసి, ప్రింటు కింద ఒత్తి, "మా దుకాణంల తీసిన కాపీ కదా, మా ముద్ర గుద్దుతున్న. ఇండ్ల తప్పేమున్నది?" అన్నాడు. గుండ్రంగా, నీలంగా, బ్రహ్మాండంగా పడింది. వెంటనే లామినేషన్ చేయించుకుని, వేడి చల్లారకముందే మామ దాన్ని గుండెకు ఆనించుకున్నాడు. పరిహారం సంగతి ఆయన అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు. ఆ చెప్పకపోవడం ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని తంగళ్ళపల్లి తీసుకుపోయాడు. చిన్నమ్మ నాకు మంచినీళ్ళిచ్చింది, తమ్ముడి వైపు చూడలేదు. సాంచాల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదు. కాగితం వచ్చిందని సైగ చేస్తే మామ బావ పోయి నాలుగు సాంచాలూ బంద్ చేశాడు. పొద్దంతా ఆడే సాంచాలు నా ఇంగ్లీషు కోసం ఆగాయి. నేను గొంతు సవరించుకుని మొదట ఇంగ్లీషులో, గవర్నరు ప్రసంగం చదివినట్టు చదివాను. తర్వాత తెలుగు చేశాను. మొదటి వాక్యం ఉన్నదున్నట్టు చెప్పాను. బంద్ సంగతి దాటేశాను. చివరి వాక్యంలో 'రిగ్రెట్', అంటే చింతిస్తున్నాం, అన్న ముక్క ఒక్కటి తీసుకుని, "కంపెనోళ్ళు మళ్ళొకసారి మస్తు బాధపడుతున్నమని రాసిండ్రు," అని ముగించాను.

చిన్నమ్మ కూతురు, పెండ్లయిన నా చెల్లె, ఆ వారం పుట్టింట్లోనే ఉంది. లేచి వచ్చి కాగితం తీసుకుని చాలాసేపు చూసింది, తర్వాత నా ముఖం వైపు చూసింది. నా ఇంగ్లీషుకు అబ్బురపడుతోందనుకుని కాలరు సర్దుకున్నాను. "అవునమ్మా. అన్న చెప్పినట్టే ఉన్నది," అని కాగితం తల్లి చేతిలో పెట్టింది.

చిన్నమ్మ ఆ కాగితాన్ని, దాని మీద ముద్రను వేలితో తడిమింది. నెలన్నర తర్వాత తమ్ముడి ముఖం చూసింది.

"పంతొమ్మిది గంటలు గాడ ఏం తిన్నవ్ రా?"

"ఒక బన్ను ఇచ్చిండ్రు అక్కా," అన్నాడు మామ, చిన్నపిల్లాడి గొంతుతో.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. లోపలినుంచి గిన్నెల చప్పుడుతో పాటు విమానం కంపెనీ ఏడు తరాలను తిడుతున్న చప్పుడు కూడా వినిపించింది. బావ మళ్ళీ సాంచాలు వేయడానికి పోతూ మామ భుజం మీద ఒక దెబ్బ వేశాడు. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి నా వల్లే ఆమెకు సంతోషం దక్కిందన్న గర్వంతో వచ్చినవే ఎక్కువ. మామ విమానం ఎక్కే ముందటి ఆదివారం మేడిపల్లిలో చిన్నమ్మకు ఒడిబియ్యం పోశాడు. నాకు ఒక సెంటు సీసా ఇచ్చి, "నీ ఇంగ్లీషుకు విమానపోళ్ళు గూడ వణికిండ్రు అల్లుడా," అన్నాడు. ఆ సెంటు కొట్టుకుని టెంటులో కూర్చుంటే పక్కవాళ్ళు దూరం జరిగేవాళ్ళు.

ఇప్పుడు నేను జగిత్యాలలో ఒక బళ్ళో ఇంగ్లీషు చెప్తున్నాను. (అవును, ఇంగ్లీషే.) మొన్న జూన్‌లో ఆ చెల్లె తన కొడుకును చేర్పించడానికి వచ్చింది. వాళ్ళాయనకు ఇక్కడికి బదిలీ అయిందట. ఫారం నింపి ఇచ్చి, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, నవ్వింది.

"అన్నా, గా లేటు కాయితం యాదికున్నదా? అండ్ల ఏం రాసి ఉండెనో నాకు అప్పుడే తెలుసు. పైసలియ్యం పోండ్రి అని రాసిండ్రు. నేను గప్పటికే డిగ్రీ రెండో సంవత్సరం సదువుతున్న."

నేను కుర్చీలో ఇంకొంచెం కిందికి జారాను.

"ముద్ర గూడ సదివిన. 'జిరాక్స్, లామినేషన్, ఇరవై నాలుగు గంటల సర్వీస్' అని ఉండె. గని మామ ముఖం జూసి నోరు మూసుకున్న."

ఆ కాగితం ఇప్పటికీ తంగళ్ళపల్లి ఇంట్లో పెండ్లి ఫోటో పక్కన, మేకుకు వేలాడుతూ ఉందట. వచ్చినవాళ్ళందరికీ చిన్నమ్మ చూపిస్తుందట, తమ్ముడి విమానం లేటయినందుకు కంపెనీవాళ్ళు ఎంత బాధపడ్డారో చెప్తుందట. చెల్లె పోతూ పోతూ తలుపు దగ్గర ఆగింది.

"మావోనికి ఇంగ్లీషు మరీ గంత మంచిగ చెప్పకు అన్నా. సెలవులకు పోయి గోడ మీదిది సదువుతడు."

వాడిప్పుడు నా తరగతిలో మూడో బెంచీలో కూర్చుంటాడు. చురుకైనవాడు, అక్షరం కనిపిస్తే వదలడు. పోయిన వారం ఉత్తరాల పాఠంలో ఆ మాట రానే వచ్చింది. వాడే చెయ్యెత్తి, "సార్, రిగ్రెట్ అంటే ఏంది?" అని అడిగాడు. "బాధపడుడు," అని చెప్పాను. "మస్తు బాధపడుడు." వాడు నోటుబుక్కులో శ్రద్ధగా రాసుకున్నాడు.