తాడు పట్టినవాడి వాటా

ఈ ఉదయం మా బల్కంపేట ఫ్లాట్‌లో ఎండునెత్తళ్ల చేపలు వేగుతుంటే పక్కింటాయన తలుపు తట్టాడు. గొడవకొచ్చాడనుకుని నేను సంజాయిషీ సిద్ధం చేసుకుని వెళ్తే, "అన్నా, వాసన మస్తుగున్నది, జర మాకు సుత పెట్టుండ్రి" అని గిన్నె చాచాడు. ఆయన తన వంతు తీసుకుని వెళ్లిపోయాడు గానీ, నేను మాత్రం ఆ వాసన వెంట మా ఆవిడ పుట్టిన భీమునిపట్నం వెళ్లిపోయాను.

పంజాగుట్టలో ఒకే ఆఫీసులో పనిచేస్తూ, ఇష్టపడి పెళ్లి చేసుకున్నాం. మామగారు పెళ్లికి వచ్చారు, అక్షింతలు వేశారు, నాతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. ఏడాది తరువాత మొదటిసారి వాళ్ల ఊరు వెళ్లినా అదే వరస. ఊరంటే ప్రాణం కాబట్టి చూపించే బాధ్యత మాత్రం ఇంకొకరికి వదల్లేదు. "మీ ఆయనకి చెప్పమ్మా, ఇది లైట్‌హౌసు. ఇవి డచ్చివాళ్ల సమాధులు. ఒకప్పుడు ఇక్కడ ఓడలు ఆగేవని చెప్పు" అంటూ, పక్కనే ఉన్న నాకు కూతురిచేత కబురు పంపుతూ నడిచారు. గడియారస్తంభం, పెంకుటిళ్ల సందులు, గోస్తని నది సముద్రంలో కలిసేచోటు, అన్నీ అలాగే చూశాను. ఊరు నాకు తెగ నచ్చేసింది. ఆ ఊరి పెద్దమనిషి ఒక్కసారి నన్ను నేరుగా పలకరిస్తే చాలనిపించేది. మా ఆవిడా అదే కోరుకుంటూ మా ఇద్దరి మధ్యా బిక్కమొహంతో తిరిగేది.

చివరికి ఒడ్డుకొచ్చాం. జనం తాళ్లు పట్టి సముద్రంలోంచి పెద్దవల లాగుతున్నారు. నేను ఫోన్‌లో వీడియో తీస్తుంటే ఒక ముసలమ్మ, "అలా సూత్తావేటి బాబూ, తాడట్టుకో!" అని గదిమింది. ఇస్త్రీ ప్యాంటుతోనే పట్టుకున్నాను. అక్కడి పద్ధతేమిటంటే, తాడు పట్టుకుని వెనక్కి నడవాలి. వెనకాల తాడు చుట్టే మనిషి దగ్గరికి చేరగానే వదిలేసి, మళ్లీ నీళ్ల దగ్గరికెళ్లి పట్టుకోవాలి. మా బల్కంపేట ఎల్లమ్మ రథం లాగిన ధీమాతో ఉన్న నాకు, మధ్యలో వదలాలన్న సంగతి తట్టనే లేదు. చుట్టిన తాడంతా చెదరగొట్టుకుంటూ వెనక్కి వెనక్కి వెళ్లి, ఎవరిదో చేపల గంపలో కూర్చున్నాను.

"అల్లుడుగారూ! వదిలేయండి, తాడు వదిలేయండి!"

అరిచింది మామగారే. అదీ నాతోనే.

"ఫికర్ లేదు మామా, ఇంకా బలమున్నది!" అన్నాను గంపలోంచి.

ఒడ్డంతా గొల్లుమంది. ఆయనైతే నవ్వాపుకోలేక ఇసుకలో కూలబడ్డారు. ఆనక నన్ను లేపి, నీళ్ల దగ్గరికి తీసుకెళ్లి, నా ముందు తాడు తనే పట్టుకున్నారు.

వల ఒడ్డెక్కాక ముసలమ్మ నా దోసిట్లో చేపలు పోసింది. నేను మొహమాటపడితే, "వద్దనకూడదండీ, తాడు పట్టినవాళ్లకి వాటా ఉంటుంది" అన్నారు మామగారు. వాటిని తన తువ్వాల్లో మూటకట్టుకుని, దారిలో కనిపించిన ప్రతివాళ్లనీ ఆపి, "మా అల్లుడు లాగిన వల" అని చెప్పుకుంటూ ఇంటికి నడిచారు. వెనకాల మా ఆవిడ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటోంది. నాకు పట్టరాని సంతోషం. ఏడాది గడిచినా రాని పిలుపు వల ఒడ్డుకు చేరేలోపే వచ్చేసింది. అందుకే, కాలమే అన్నీ సర్దుతుందని ఎవరైనా అంటే, దానితోపాటు మనమూ ఓ చెయ్యి వేయాలంటాను.