పల్లంలోకి దిగే గుర్రం

లారీ హారన్ వినపడగానే జీనక్క తన ఎర్రగుర్రాన్ని రోడ్డు దింపేసేది. ఎడమవైపు పల్లంలోకి, ముళ్ళకంపల్లోకి, వానాకాలమైతే మోకాలి లోతు బురదలోకి. లారీ దుమ్ము లేపుకుంటూ పోయేదాకా అక్కడే తల వంచుకుని ఉండేది. తర్వాత ముఖం తుడుచుకుని, అదే గుడ్డతో గుర్రం కళ్ళు కూడా తుడిచి, మళ్ళీ రోడ్డెక్కేది. కొందరు డ్రైవర్లు గుర్రం బెదిరితే చూద్దామని పనిగట్టుకుని హారన్ మోగించేవారు. క్లీనర్లు కిటికీలోంచి తల బయటపెట్టి కూతలు కూసేవారు. ఒకసారి ఎవరో తాగేసిన టీ కప్పు ఆమె భుజం మీదికి విసిరి నవ్వుకుంటూ పోయారు. ఆమె ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. నిజానికి అది ఒకప్పుడు గుర్రాల దారి. క్వారీ వచ్చాక దాన్నే వెడల్పు చేసి తారు పోశారు. మరి గుర్రాలు ఎటు నడవాలని ఆ తారు పోసినవాళ్ళు అడగలేదు, గుర్రాలున్నవాళ్ళూ అడగలేదు. పెద్ద బండ్లతో మనకెందుకని ఆమె పక్కకి తప్పుకోవడం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి తప్పుకుంటూనే ఉంది.

ఆమె జీనులు కుడుతుంది కాబట్టి జీనక్క. తండ్రి చేసిన పనే. రోడ్డు పక్కన రేకుల పాక, లోపల తోలు వాసన, మైనం పట్టించిన దారం ఉండలు, జీను పెట్టి కుట్టడానికి గుర్రం వీపులా గుండ్రంగా చెక్కిన దుంగ. పాక ముందు పొడవాటి నీళ్ళతొట్టి. గుర్రానికి నీళ్ళు పెట్టే వంకతో వచ్చినవాళ్ళు గంటల తరబడి కదిలేవారు కాదు. ఎవరి గడ్డివామి తడిసింది, ఎవరి గుర్రం ఆరేసిన చీర నమిలేసింది, ఎవరు ఎక్కడ కిందపడి ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోయారు అనే కబుర్లన్నీ ముందు ఆ తొట్టి దగ్గరికే చేరేవి.

ఆ రోజు పొద్దున కూడా అలాగే మొదలైంది. పాలాయన జీను పట్టీ తెగిపోయిందని పట్టుకొచ్చాడు. వంతెన దాకా ఉన్న ఇళ్ళకి ఇంకా పాలు పోయాలి, తొందరగా కుట్టిపెట్టమని జీను ఆమె ఒళ్ళో పడేశాడు. ఆయన నల్లగుర్రం ఉత్త వీపుతో తొట్టి దగ్గర నీళ్ళు తాగుతోంది. పిండిమర మామయ్య మాత్రం ఏ పనీ లేకుండా వచ్చాడు. ఊరందరికీ ఆయన మామయ్యే, జీనక్క ఒక్కతే అన్నయ్య అంటుంది. ఆయన గుర్రం కడుపుతో ఉంది. దాన్ని మెల్లగా నడిపించుకుంటూ వచ్చి, దాని ఆకలి గురించి, అలకల గురించి, రాత్రి అది ఏ పక్కకి తిరిగి పడుకుందో దాని గురించి చెబుతూ కూర్చున్నాడు. తన కాన్పులప్పుడు ఇందులో సగం కూడా పట్టించుకోలేదని వాళ్ళావిడ పోట్లాడుతోందట.

ఎర్రగుర్రం కనపడదేమని పాలాయన అడిగాడు. మేనకోడలు ఇందాకే తీసుకెళ్ళిందని జీనక్క చెప్పింది. తమ్ముడి కూతురు పని నేర్చుకోవడానికి వచ్చి ఆమె దగ్గరే ఉంటోంది. స్వారీ బాగానే పట్టుబడింది. ఇంతవరకూ పొలాల్లో, సాయంత్రం లారీలు ఆగిపోయాక ఖాళీ రోడ్డు మీదా తప్ప ఎక్కడికీ పోలేదు. ఇవాళ కాలవ అవతల ఒకాయనకి జీను అత్యవసరమని కబురొస్తే, తానే వెళ్తానని పిల్ల పట్టుబట్టింది. జీనక్క సరేనంది. పిల్ల మొదటిసారి ఒక్కతే పని మీద వెళ్తోందని లోపల కాస్త గర్వపడింది కూడా.

మామయ్య పిల్ల స్వారీని మెచ్చుకున్నాడు. ఈ పాలవాడి కంటే నిటారుగా కూర్చుంటుందన్నాడు. పాలాయన ఊరుకోలేదు. తన గుర్రాన్ని ఎక్కితే ఎవరి నడుమైనా వంగుతుందన్నాడు.

"నిన్న మా మామగారింటికని బయల్దేరానక్కా," అన్నాడు జీనక్కతో. "ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని. వీడు ప్రతి గేటు దగ్గరా ఆగాడు. లోపల్నుంచి వాళ్ళు గిన్నెలు పట్టుకుని రావడం, ఇవాళ సాయంత్రం పాలు లేవండీ అని నేను చెప్పుకోవడం. వాకిలి వాకిలికీ అదే కథ."

"పాలల్లో నీళ్ళు కలిపేది నువ్వు," అన్నాడు మామయ్య. "ఇంటింటి ముందూ ఆగి సంజాయిషీ చెప్పుకునేది పాపం అది."

జీనక్క నవ్వుతూనే దారం లాగింది. దానికి తెలిసింది అదేగా, రోజూ ఆగిన చోట ఆగుతుంది, మీ మామగారి సంగతి దానికేం తెలుసు అంది. మామయ్య ఒప్పుకున్నాడు. అప్పుడే, మాట వరసకన్నట్టు, రోడ్డు సంగతి ఎత్తాడు. నిన్న సాయంత్రం క్వారీ లారీ ఒకటి కాలవ వంతెన పక్కగోడని గుద్దేసిందట. ఎడమ గోడ సగానికి పైగా నీళ్ళలో పడిపోయిందని, పొద్దున్నే అటు వెళ్ళి చూసొచ్చానని, అడ్డంగా ఒక తాడు కట్టిన పాపాన కూడా ఎవరూ పోలేదని చెప్పాడు.

జీనక్క చేతిలో సూది తోలులో సగం దిగి ఆగిపోయింది.

"ఎడమ గోడా, అన్నయ్యా? ఇటు నుంచి వెళ్తుంటే ఎడమా?"

"అదే. ఏం?"

"పిల్ల ఆ వంతెన మీదుగానే వెళ్తోంది."

"వెళ్తే ఏమైంది? పిల్లకి కళ్ళు లేవా?"

"పిల్లకి ఉన్నాయి. వెనక లారీ వస్తే ఎర్రది ఎడమకి దిగిపోతుంది. ఇప్పుడు నేను పగ్గం లాగక్కర్లేదు. హారన్ వినపడితే చాలు, అదే దిగుతుంది. ఆ సంగతి పిల్లకి చెప్పలేదు. చెప్పాలని నాకే తోచలేదు."

పాలాయన ముఖంలో నవ్వు పోయింది. మామయ్య ఫోన్ తీసి పిల్లకి కలిపాడు. పాక కిటికీలోనే మోగింది. ఛార్జింగుకి పెట్టి మరిచిపోయి వెళ్ళింది.

మామయ్య గుర్రం పరుగెత్తే స్థితిలో లేదు. నల్లగుర్రం జీను జీనక్క ఒళ్ళో ఉంది. ఆమె దాన్ని కింద పడేసి, తొట్టి అంచు మీదికెక్కి, అడగాపెట్టకుండా నల్లగుర్రం ఉత్త వీపు మీదికి దూకింది. ఇంకొకరి గుర్రాన్ని అడగకుండా ముట్టుకోవడం ఆ మనుషుల్లో లేదు. అయినా పాలాయనే కళ్ళెం సర్ది ఆమె చేతికి అందించి, దాని పిర్ర మీద ఒక్కటి చరిచాడు.

గుర్రం దౌడు తీసింది. మొదటి గేటు రాగానే ఆగింది.

జీనక్క ముందుకి తూలి జూలు పట్టుకుంది. మడమలతో పొడిచింది, అదిలించింది, మెడ మీద తట్టింది. గుర్రం ఒకసారి ఇంటివైపు చూసి, ఎవరూ రాకపోయేసరికి కదిలింది. మళ్ళీ పరుగు. మళ్ళీ గేటు. మళ్ళీ ఆగడం. ఆ రోడ్డున ఎన్ని ఇళ్ళున్నాయో ఎన్నడూ పట్టించుకోని మనిషికి ఆ పొద్దున ప్రతి గేటూ కొండలా అడ్డొచ్చింది. ఒక గేటు దగ్గర ముసలావిడ గిన్నెతో ఎదురొచ్చి, ఇవాళ పాలు నువ్వు తెచ్చావేమిటే అని తీరిగ్గా అడిగింది. జీనక్కకి ఏడుపొచ్చింది. "పెద్దమ్మా, లోపలికి వెళ్ళు, నువ్వు లోపలికి వెళ్తే గానీ ఇది కదలదు," అని బతిమాలింది. ముసలావిడకి ఏమీ అర్థం కాకపోయినా ఆ గొంతు విని గబగబా లోపలికి వెళ్ళింది.

చివరి ఇల్లు దాటాక రోడ్డు మలుపు తిరుగుతుంది. అక్కణ్ణుంచి వంతెన కనపడుతుంది. ఎర్రగుర్రం అప్పుడే వంతెన మొదట్లో అడుగుపెడుతోంది. పిల్ల కూలిన గోడని చూసిందేమో, మెల్లగా, మధ్యగా నడిపిస్తోంది. అలా ఇంకాసేపు నడిస్తే అవతలికి చేరిపోతుంది. పిలుద్దామని జీనక్క నోరు తెరిచింది. అంతలో వెనక నుంచి లారీ చప్పుడు వచ్చింది.

ఆమె చెయ్యి అలవాటుగా ఎడమ పగ్గం మీదికి పోయింది. దిగితే లారీ తనని దాటి నేరుగా వంతెన మీదికి పోతుంది.

ఆమె గుర్రాన్ని రోడ్డుకి అడ్డంగా తిప్పి నిలబెట్టింది.

లారీ కీచుమంటూ గుర్రం పక్కటెముకలకి బారెడు దూరంలో ఆగింది. నల్లగుర్రం ఒళ్ళంతా వణికింది. జీనక్క కాళ్ళు దాని డొక్కలకి బిగించి, మెడ నిమురుతూ దాన్ని పట్టి ఉంచింది. డ్రైవర్ తల బయటపెట్టి నానా మాటలూ అన్నాడు.

"తిట్టు నాయనా, ఎంతైనా తిట్టు," అంది జీనక్క. "హారన్ మాత్రం కొట్టకు. ఇంజను ఆపు. వంతెన మీద మా పిల్ల ఉంది."

డ్రైవర్ ఆమె భుజం మీదుగా చూశాడు. చూసి, వెంటనే ఇంజను ఆపేశాడు. నల్లగుర్రం ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు.

వెనక రెండో లారీ వచ్చి ఆగింది. ముందు ఏం జరుగుతోందో దానికి కనపడదు. విసుగ్గా హారన్ కొట్టింది, ఆపకుండా.

వంతెన మీద ఎర్రగుర్రం చెవులు వెనక్కి వాల్చింది. ఎడమకి తిరిగింది. పిల్ల బలమంతా పెట్టి కుడి పగ్గం లాగింది. తల కుడికి వంగింది గానీ కాళ్ళు ఎడమకే పోతున్నాయి. ఎన్నో ఏళ్ళుగా హారన్ వినగానే వేసిన అడుగులవి. గోడ ఉన్నచోట ఉత్త రాళ్ళు, వాటి కింద నీళ్ళు. ముందు గిట్టలు ఆ రాళ్ళ మీద జారాయి. గుర్రం మోకాళ్ళ మీద పడింది. పిల్ల దాని మెడ మీదుగా ఎగిరి అంచున పడింది. వెనక కట్టిన కొత్త జీను ఊడి కాలవలో పడి మునిగిపోయింది.

బెదిరిన నల్లగుర్రాన్ని దిగి జీనక్క అక్కడికి చేరేసరికి మొదటి లారీ డ్రైవర్ ఆమె కంటే ముందే ఉరికి పిల్లని రోడ్డు మీదికి లాగేశాడు. పిల్ల కుడి చెయ్యి మోచేతి దగ్గర వంకరగా వేలాడుతోంది. ఎడమ చేతిలో పగ్గం మాత్రం వదల్లేదు. మోకాళ్ళ చర్మం లేచిపోయి నెత్తురు కారుతున్న ఎర్రగుర్రం ఆ పగ్గం ఆసరాతోనే లేచి, వెనక్కి ఒక్కో అడుగూ వేసి నిలబడింది. ఇంకొక్క జారుడు జారి ఉంటే నీళ్ళలోకే పోయేది.

"నేను ఎడమకి తిప్పలేదత్తా," అంది పిల్ల పళ్ళు బిగించి. "అదే తిరిగింది."

"తెలుసమ్మా. దానికి అది నేర్పింది నేనే."

పాలాయన, మామయ్య రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చారు. మామయ్య తన కండువా విప్పి పిల్ల చేతికి కట్టు కట్టాడు. పాలాయన రెండో లారీ దగ్గరికి పోయి ఆ డ్రైవర్ కాలర్ పట్టుకున్నాడు. మొదటి డ్రైవర్ అతన్ని ఆపి, జీనక్క వైపు తిరిగాడు.

"మాకేం తెలుసక్కా. నువ్వెప్పుడూ కిందికి దిగిపోతావు కదా. నీకు ఇబ్బంది అని ఎన్నడైనా చెప్పావా?"

అతను అన్నది అబద్ధమని జీనక్క అనలేదు. అంతా నిజమనీ ఒప్పుకోలేదు. "టీ కప్పు విసిరినప్పుడు కూడా చెప్పాలా?" అని మాత్రం అడిగింది. అతను తల దించుకున్నాడు.

ఆసుపత్రిలో పిల్ల చేతికి కట్టు వేశారు. ఎర్రగుర్రం మోకాళ్ళు మానుతున్నాయి. మామయ్య, పాలాయన, జీనక్క కలిసి రోడ్ల ఆఫీసుకి వెళ్ళారు. అక్కడి ఇంజనీరు వాళ్ళని కూర్చోమని కూడా అనకుండా, అసలు ఈ రోజుల్లో గుర్రాలు రోడ్డు మీదికి ఎందుకొస్తున్నాయని అడిగాడట. గుర్రాల దారి మీదికే లారీలు వచ్చాయన్నది ఆయన బుర్రకెక్కలేదు. గోడ ఇంకా కట్టలేదు. మామయ్యే నాలుగు గుంజలు పాతి తాడు కట్టాడు.

ఇప్పుడు రోజూ పొద్దున జీనక్క ఎర్రగుర్రాన్ని పాక ముందు రోడ్డంచున నిలబెడుతుంది. ఆ మొదటి డ్రైవరే డ్యూటీ ఎక్కే ముందు లారీని నత్తలా నడుపుకుంటూ వచ్చి, పక్కనుంచి వెడల్పుగా దాటి పోతాడు. గుర్రం ఇంకా ఎడమకే అడుగు వేస్తుంది. ఆమె మెల్లగా నిలుపుతుంది. పిల్ల ఒంటిచేత్తో దాని నుదురు నిమురుతుంది. ఒక్కోసారి నిలబడుతుంది, ఒక్కోసారి పల్లంలోకి పోయి తల వంచుకుంటుంది. తొట్టి దగ్గర కబుర్లు మళ్ళీ మొదలయ్యాయి గానీ, లారీ చప్పుడు వినపడితే అందరి మాటలూ ఆగిపోతున్నాయి.

ఈ కథ చెప్పాక, బండి నడిపే అందరినీ నేను అడిగేది ఇది. ముందు గుర్రం కనపడితే వేగం తగ్గించండి. హారన్ కొట్టకండి. ఇంజను మోత పెంచకండి. ఇద్దరు మనుషులు నడిచేంత జాగా వదిలి దాటండి, జాగా లేకపోతే ఆగండి. రోడ్డు దిగి పల్లంలో ఎవరైనా నిలబడి ఉంటే, దారి ఇచ్చారు కదా అని దూసుకుపోకండి. బండి ఆపి, పైకి రమ్మని పిలవండి. మీ ఊళ్ళో కూలిన వంతెన గోడ ఉంటే ఈ వారంలోనే రోడ్ల ఆఫీసుకి వెళ్ళి అడగండి. ఒక్కరే వెళ్ళకండి, ఆ రోడ్డున నడిచేవాళ్ళందరినీ వెంటబెట్టుకుని వెళ్ళండి. కూర్చోమనకపోయినా కూర్చోండి. గోడ ఎప్పుడు కడతారో చెప్పేదాకా లేవకండి.