అండి అనకపోతే కదలని భాష

భీమవరంలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతుండగా నేనూ, నా రూమ్మేటూ కలిసి ఒక ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాం. పనికోసం కాక నవ్వుకోడానికే పుట్టిన ఇలాంటి భాషలు చాలా ఉన్నాయని నెట్‌లో చదివాక మాకూ ఆ పిచ్చి పట్టింది. మా భాషలో నాలుగు లైన్లకోసారైనా 'అండి' అనాలి. లేకపోతే కంప్యూటర్ కదలదు. లైను లైనుకీ అంటే 'ఏంటి, వెటకారమా?' అని తెరమీద వేసి ఆగిపోతుంది.

హాస్టల్లో మాకంటే ఏడాది సీనియర్ ఒకడుండేవాడు. మేం మొదటి ఏడులో ఉన్నప్పుడు 'అండి' అనలేదని రూమ్మేట్‌ని బెల్టుతో వాతలు తేలేలా కొట్టాడు. ఈ ఆలోచన అక్కణ్ణించే వచ్చిందని రూమ్మేట్ ఎప్పుడూ ఒప్పుకోలేదు.

కాలేజీ ఫెస్ట్ రోజున ల్యాబ్‌లో మా భాషను ప్రదర్శనకు పెట్టాం. ఆ సీనియర్ వచ్చి కూర్చుని ఐదారు లైన్లు కొట్టాడు. కంప్యూటర్ కదల్లేదు.

"అండి అనాలండి," అన్నాడు రూమ్మేట్.

చుట్టూ నవ్వులు. సీనియర్ మొహం ఎర్రబడి ప్రతి లైనుకీ 'అండి' తగిలించాడు. తెరమీద 'ఏంటి, వెటకారమా?' అని పడింది. ల్యాబంతా గొల్లున నవ్వింది.

వాడు కీబోర్డు ఊడబెరికి రూమ్మేట్ ఎడమ చెవిమీద కొట్టాడు. మీటలు నేలంతా చెదిరాయి. కిందపడ్డవాణ్ణి డొక్కలో తన్నడం మొదలుపెట్టాడు. "వదిలెయ్యండి, వదిలెయ్యండి," అంటూనే నేను ఇనప స్టూలు ఎత్తాను. మొదటి దెబ్బకే వాడు కూలాడు. అక్కడితో ఆగాల్సింది. తలమీద మళ్లీ కొట్టాను. తల కాచుకుంటున్న చేతిమీద కొట్టాను. వేళ్లు విరిగిన చప్పుడు విన్నాను. వెనకనుంచి పట్టుకున్న ల్యాబ్ అసిస్టెంటుగారి చేతిని కొరికాను.

వాడికి తలమీద కుట్లు పడ్డాయి. రూమ్మేట్ కర్ణభేరి పగిలింది. ప్రిన్సిపాల్‌గారు మా ఇద్దరి పెద్దవాళ్లనీ పిలిపించి, నన్నూ ఆ సీనియర్‌నీ నెల రోజులు సస్పెండ్ చేశారు.

ఆసుపత్రిలో రూమ్మేట్‌ కుడివైపున కూర్చుని, "వాడింక నీ జోలికి రాడ్రా," అన్నాను గొప్పగా.

రూమ్మేట్ దుప్పటి పక్కకి నెట్టి లేచి కూర్చున్నాడు.

"ఆపరా, ఆపరా అని అరిచాను. వినపడలేదా?"

"లేదు."

"వాడి వేళ్లు విరిగాక కూడా నవ్వుతూ కొట్టావురా నువ్వు. వాడికంటే నిన్ను చూస్తేనే భయమేసింది."

నెల తర్వాత తిరిగొచ్చేసరికి గదిలో అవతలి మంచం ఖాళీగా ఉంది. వేరే గదికి మారిపోయిన రూమ్మేట్ మీద నాకు కోపం రాలేదు. ఆ రోజు నిజంగా నవ్వానో లేదో నాకిప్పటికీ గుర్తులేదు.