చివరి మడత

ప్రొద్దుటూరులో చీరల కొట్టు నడిపే కన్యకమ్మ ఏ చీరనూ మడత విప్పకుండా అమ్మదు. చివరి మడత దాకా వెలుతురుకు ఎత్తిపట్టి, తెగిన పోగు కోసం చూపుడువేలితో తడుముతుంది. మొన్న స్నానం చేస్తుంటే ఆ వేలికే ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. క్యాన్సరని తేలాక డాక్టరు, "చిన్నగా ఉన్నప్పుడే దొరికిందమ్మా, ఆపరేషన్ చాలు. ఒళ్లంతా స్కాన్ తీయాల్సిన పన్లేదు" అన్నాడు. కొట్లో గల్లా దగ్గర కూర్చున్న కోడలు సాహితి మాత్రం, "నా మనసు పీకుతాంది అత్తా. ఇంగ యాడన్నా ఉంటే? ఒకసారి తీపిచ్చుకుందాం" అంది. "వద్దు సాహితీ. వెతికితే ఏ చీరలోనైనా ఏదో ఒకటి కనపడ్తాది. అది మచ్చో నీడో తేలేదాకా నిద్ర పట్టదు." గట్టిగానే అంది కన్యకమ్మ. ఎదురుగా ఉన్న బేరమామె, "చూసినావు కదక్కా, బాగుందిలే, మడిచియ్యి" అంటున్నా వినిపించుకోకుండా, అప్పుడే చూసిన చీరను మళ్లీ మొదటి మడత నుంచి విప్పసాగింది.