తెగిన పోగు పరీక్ష

ఈ రోజు ఆదివారం. నల్గొండలో మా సేవా క్లబ్బు పెట్టిన కంటి శిబిరం నుంచి ఇప్పుడే వచ్చాను. చేతికంటిన గంజినూలు వాసన పోకముందే రాస్తున్నాను.

చిన్నప్పుడు మగ్గం మీద పోగు తెగితే మా అవ్వ, "పిల్లా, నీ కండ్లు జర ఇటు తే!" అని పిలిచేది. నేత ఇళ్లలో పెరిగినవాళ్లారా, గుర్తుందా? మనం అతికితే పెద్దవాళ్లు నేసేవారు. అవ్వకు చూపు పోతోందని మాకు తట్టనేలేదు. తట్టేసరికి పూర్తిగా పోయింది.

ఈ రోజు ఒక నేత ముసలామె, డాక్టరు చూపిన వేళ్లన్నీ సరిగ్గా లెక్కపెట్టి, "మంచిగనే కనిపిస్తాంది, శుక్లాల ఆపరేషన్ ఎందుకు?" అని లేచింది. ఆమె సంచిలోని నూలు చుట్టిన కండె నుంచి పోగు తీసి, తెంపి ఇచ్చాను.

"అతుకు అక్కా."

మూడుసార్లు ప్రయత్నించింది. రెండు కొసలూ కలవలేదు.

"మా కోడలికి చెప్పకు. మగ్గం దిగుమంటది."

"చెప్త. ఆపరేషన్ అయినంక మళ్ల ఎక్కుదువు."

ఇక జరగవలసినవి:
1. బుధవారం ఆమెను దవాఖానకు నేనే తీసుకుపోవాలి.
2. ఇకపై శిబిరంలో అక్షరాల అట్ట పక్కన నూలుకండె ఉండాలి.
3. కంటిపట్టీ విప్పిన రోజు, నేను దాచిన ఆ తెగిన పోగును ఆమెతోనే అతికించాలి.