మా బావగారు తెప్పించిన టైర్లు

మొన్న రాజమండ్రిలో మా అమ్మాయి కారుకి కొత్త టైర్లు వేయించడానికి తనతో పాటు నేనూ వెళ్ళాను. మా అమ్మాయి పళ్ళ డాక్టరు. పేషెంట్ల దగ్గర ఎంత నెమ్మదో స్టీరింగు పట్టుకుంటే అంత దూకుడు, అందుకే సెకండ్ హ్యాండ్‌లో రెండు తలుపుల స్పోర్ట్స్ కారొకటి ముచ్చటపడి కొనుక్కుంది. షాపు మేనేజరమ్మ ఏసీ గదిలో కుర్చీలు చూపించి కూర్చోమన్నా కూర్చోకుండా, కళ్ళజోడు సవరించుకుని, ఫోను లైటు వేసుకుని, నాలుగు టైర్లనీ రెండువైపులా తిప్పించి మరీ చూశాను. అమ్మాయికి సిగ్గేసింది కాబోలు, "నాన్నా, వాళ్ళు మోసం చేసేవాళ్ళలా కనిపిస్తున్నారా మీకు?" అని చెవిలో గొణిగింది. లేదమ్మా అన్నాను గాని, నా చూపు మాత్రం టైర్ల మీంచి కదల్లేదు. ఈ అనుమానపు జబ్బు నాకు ఇవాళ కొత్తగా పట్టింది కాదు. ఒకప్పుడు దీనివల్ల ఒకరి చెయ్యి విరిగింది, ఇంకొకరి ఉద్యోగం పోయింది. ఆ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ పూర్తిగా తెలియదు.

అప్పటికి అమ్మాయి ఇంకా బడిలో చేరలేదు. రామచంద్రపురంలో ఒక రైసుమిల్లు యజమానిగారి దగ్గర నేను డ్రైవరుగా కుదురుకుని నాలుగేళ్ళయింది. ఆయన మంచి మనిషి, కోపం వస్తే నోరు ఆగదు, పోతే మళ్ళీ అదే నోటితో టిఫిన్ చేశావా అని అడిగేవారు. ఆయన ఉన్నట్టుండి బెంగుళూరు వెళ్ళి ఎర్రరంగు స్పోర్ట్స్ కారొకటి తెచ్చుకున్నారు. నేలకి జానెడు ఎత్తున ఉండే ఆ కారు మా ఊరి రోడ్ల మీద, సగం రోడ్డు ధాన్యం ఎండబోసి ఉండే ఆ రోడ్ల మీద, ఎలా తిరుగుతుందా అని మిల్లు గుమస్తా దగ్గర్నించి మరమరాలమ్మే ముసలమ్మ దాకా అందరూ ఆశ్చర్యపోయినవాళ్ళే. బండి బాగానే ఉంది గాని టైర్లు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. అంత వెడల్పు టైర్లు మన వైపు ఎక్కడా దొరకవు. అప్పుడే మా బావగారి ప్రసక్తి వచ్చింది.

బావగారంటే మా అక్క భర్త. మా ఇంటికి రెండు వీధుల అవతలే వాళ్ళ ఇల్లు. అక్క మిషన్ స్కూల్లో టీచరు, బావగారు రోజూ బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి అక్కడొక టైర్ల షాపులో పనిచేసి వచ్చేవారు. ఆయన మద్రాసు నుంచి తెప్పిస్తానని ఒప్పుకుని, ఒక సాయంత్రం రెండు రకాల టైర్ల బొమ్మలున్న కాగితాలు పట్టుకుని యజమానిగారి అరుగు మీదకి వచ్చారు. ఒకటి పొడి రోడ్డుని జిగురులా పట్టుకునే రకం, దాని మీద గాడులు తక్కువ, చూడ్డానికి పందెపు కారు టైరులా ఉంటుంది. రెండోది నీళ్ళని పక్కకి చిమ్మే లోతైన గాడులున్నది. యజమానిగారి మనసు మొదటిదాని మీదే పడింది.

"అది మనకి పనికిరాదండి. ఏడాదిలో సగం రోజులు మన రోడ్లు తడిగానే ఉంటాయి కదండి. ట్రాక్టర్ల బురద ఒకటీ. రెండోదే తీసుకోండి," అన్నారు బావగారు.

ఆయన అంత గట్టిగా చెప్పడం నాకు నచ్చలేదు. షాపులో ఏనాటి నుంచో అమ్ముడుపోకుండా పడి ఉన్న సరుకేదో మాకు అంటగడుతున్నారని అనుమానమొచ్చింది. ఎందుకొచ్చిందంటే చెప్పడం కష్టం. అంతకు ముందు ఏడాది ఆయన ఇప్పించిన స్కూటర్ బ్యాటరీ వారం తిరక్కుండా పోయింది, అదొకటి. ఆ నెలలోనే వాళ్ళింట్లోకి కొత్త ఫ్రిజ్ వచ్చింది, అదొకటి. అక్క ఆ ఫ్రిజ్‌లోంచి చల్లటి మజ్జిగ తీసిస్తే తాగుతూ, ఇది ఎవరి డబ్బుతో వచ్చిందో అని లోపల లెక్క వేసుకున్నవాణ్ణి నేను. అది అక్కకి స్కూలు నుంచి వచ్చిన ఏరియర్స్‌తో కొన్నదని తర్వాతెప్పుడో తెలిసింది.

టైర్లు వచ్చాయి. షాపులో బిగించి బండి బయటికి తెచ్చాక నేను వంగి చూశాను. టైరు ఎప్పుడు తయారైందో పక్కగోడ మీద నాలుగు అంకెల్లో ఉంటుందని ఒక లారీ డ్రైవరు నాకు చెప్పి ఉన్నాడు. అక్షరాల వరుస ఉంది గాని, చివర అంకెలుండవలసిన చోట నున్నగా ఉంది. బొటనవేలితో రుద్దాను. నాలుగు టైర్లకీ అంతే. గరుకు కాగితంతో అరగదీసి ఉంటారని ఆ క్షణంలోనే తీర్మానించుకున్నాను. అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అడగలేదు. దొంగని దొంగా అని ముందే హెచ్చరించడం దేనికనుకున్నాను.

బావగారు నా భుజం మీద చెయ్యేసి, "చూడు బామ్మర్దీ, మూడొందల కిలోమీటర్లు తిరిగేదాకా నెమ్మదిగా నడపాలి. అచ్చులోంచి ఊడి రావడానికి పూసిన జిడ్డు పైన ఉంటుంది, అది పోయేదాకా జారతాయి. అయ్యగారికి మరీ మరీ చెప్పు," అన్నారు.

పాత రబ్బరు జారితే చెప్పుకోవడానికి ముందే సాకు తయారుచేసి పెట్టుకున్నారనిపించింది నాకు. సరేనండి అన్నాను.

రెండు రోజులకి యజమానిగారు పట్టిసీమ వీరభద్రుడి దర్శనానికి బయల్దేరారు. కొవ్వూరు దాకా నేనే నడిపాను. అక్కడ ఆయన, "ఇలా ఇవ్వవయ్యా, సొంత బండి నేనూ నడపొద్దా," అని స్టీరింగు తీసుకున్నారు. సన్నగా తుంపర మొదలైంది. కొంత దూరం పోయాక ఆయనే అడిగారు.

"కొత్త టైర్లు కదా, ఏవన్నా జాగ్రత్తలు చెప్పారేంటి మీ బావ?"

నేను ఒక్క క్షణం ఆలోచించాను. ఆ క్షణం నాకు ఇప్పటికీ జ్ఞాపకమే, అద్దం మీద నీటిచుక్కలు పక్కలకి పాకడంతో సహా. చెబితే ఈయన నెమ్మదిగా నడుపుతారు, నెమ్మదిగా నడిపితే పాత టైర్లయినా పట్టుకుంటాయి, ఇక బావగారి మోసం ఎప్పటికీ బయటపడదు. అదీ నా ఆలోచన.

"ఏమీ లేదండి," అన్నాను.

ఏటిగట్టు మీద మలుపు దగ్గర బండి వెనకభాగం జారింది. సగం తిరిగి, గట్టు దిగువన ఉన్న తాడిచెట్టు మొదలుకి వెనక చక్రం కొట్టుకుని ఆగింది. నాకేమీ కాలేదు. యజమానిగారి కుడి మణికట్టు విరిగింది. నొప్పితో ఆయన పళ్ళు బిగించి కూర్చుని ఉంటే, భయంలో కూడా నా మనసులో ఒక మూల, దొంగ దొరికాడు అనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఆస్పత్రిలో కట్టు కట్టించుకున్నాక ఆయన అడిగారు, నేను చెప్పాను. పాత సరుకండి, అంకెలు అరగదీశారండి, నా కళ్ళతో చూశానండి. ఆయన షాపు యజమానికి ఫోన్ చేసి, ఆ నోరు ఎంత దూరం వెళ్ళగలదో అంత దూరం వెళ్ళారు. మర్నాడే బావగారిని పనిలోంచి తీసేశారు. ఆయన మా ఇంటికొచ్చి గొడవ పెట్టలేదు. అక్క మాత్రం నాతో మాట్లాడ్డం మానేసింది. మేమంతా ఒకే బాప్టిస్టు చర్చికి వెళ్ళేవాళ్ళం. ఆ నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం నా దాకా వచ్చినప్పుడు, ఆడవాళ్ళ వరసలోంచి అక్క తల తిప్పి నన్నొకసారి చూసింది. మనసులో తప్పో తగవో పెట్టుకుని ఆ రొట్టె తినకూడదంటారు మా వాళ్ళు. నేను తీసుకోకుండానే పళ్ళెం పక్కవాళ్ళకి అందించాను. తప్పు చేశానని కాదు, అప్పటికి నేను చేసింది రైటనే నా నమ్మకం. ఎందుకో చెయ్యి రాలేదు, అంతే.

కట్టు విప్పే రోజులు దగ్గర పడ్డాక, సొట్టపోయిన చక్రం బాగుచేయించమని యజమానిగారు నన్ను పంపారు. మెకానిక్కు టైరు ఊడదీసి నేలమీద తిరగేసి పడేశాడు. లోపలివైపు గోడ, బిగించాక బండి కిందకి తిరిగి ఉండే వైపు, తెల్లగా దుమ్ముపట్టి ఉంది. అరచేత్తో తుడిచాను. నాలుగు అంకెలున్నాయి. ఆ టైరు మా బండికి ఎక్కడానికి రెండు నెలల ముందు తయారైంది. మిగతా మూడూ ఊడదీయించాను. అన్నీ అంతే. ఈ రకానికి లోపలా బయటా వేరువేరుగా ఉంటాయండి, తేదీ ఒకవైపే వేస్తారు, అని మెకానిక్కు మామూలుగా చెప్పి తన పని తను చేసుకుంటున్నాడు. నేను ఆ అంకెల్ని బొటనవేలితో మళ్ళీ రుద్దాను.

ఆ సాయంత్రమే యజమానిగారికి చెప్పాను. ఆయన తన కట్టు కేసి చూసుకుని, "నా నోటితో ఒక మనిషి పొట్ట కొట్టించావు కదయ్యా," అన్నారు. షాపుకి ఫోన్ చేసి తన మాట వెనక్కి తీసుకున్నారు. వాళ్ళు బావగారిని మళ్ళీ రమ్మన్నారు. ఆయన వెళ్ళలేదు. తణుకులో సొంతంగా చిన్న షాపు పెట్టుకుంటానన్నారు. యజమానిగారు స్వయంగా అక్కావాళ్ళింటికి నడిచి వెళ్ళి, ఆ టైర్లతో బండి ఎలా నడపాలో నాకు దగ్గరుండి నేర్పించమని అడిగితే మాత్రం కాదనలేకపోయారు.

అలా మేమిద్దరం రెండు రోజులు ఆ ఎర్ర కారులో తిరిగాం, ఎండ బాగా కాసిన రోజులు చూసుకుని, రావులపాలెం మీదుగా తణుకు దాకా, మళ్ళీ వెనక్కి. పొడుగాటి మనిషి, మోకాళ్ళు ముడుచుకుని పక్క సీట్లో కూర్చుని, బ్రేకు మెత్తగా వెయ్యి, మలుపులో తొందర పడకు, అని తప్ప ఇంకో మాట లేదు. అప్పుడప్పుడు ఆపించి, దిగి టైరు మీద అరచెయ్యి పెట్టి చూడమనేవారు. నున్నటి మెరుపు పోయి రబ్బరు కొద్దికొద్దిగా గరుకు తేలడం చేతికి తెలిసేది. రెండో రోజు తణుకు ఇంకా కొంత దూరముందనగా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అడిగారు.

"నెమ్మదిగా నడపాలని నేను చెప్పింది అయ్యగారికి చెప్పావా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "చెప్పలేదండి," అన్నాను.

"మర్చిపోయావా?"

"లేదండి."

తణుకు దగ్గర పడింది. చెరకు లారీల వెనక బండి ఆగినప్పుడు, "ఈ సంగతి మీ అక్కకి చెప్పకు. అది తట్టుకోలేదు," అన్నారు. తర్వాత ఎప్పుడూ ఆ ప్రసక్తి తేలేదు. యజమానిగారికి నేనూ చెప్పలేదు. తన వేగమే తన చెయ్యి విరగ్గొట్టిందనుకుంటూనే ఆయన పోయారు.

బావగారు పోయి కూడా అయిదేళ్ళు కావస్తోంది. అక్క మాత్రం ఆ రెండు రోజుల తిరుగుడు గురించి ఇప్పటికీ మురిపెంగా చెబుతుంది, మీ బావ అలాంటి కారెక్కింది నీ పుణ్యాన్నేరా, అని. నేను కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంటాను. ఈ రోజుల్లో మనకి ఒకరి మీద అనుమానమొస్తే ఫోనులో నాలుగు ముక్కలు రాసిపడేసి ఊరుకుంటున్నాం. ఆ అవతలి మనిషి ఎవరో, ఆ రాత వల్ల ఆయనకేమైందో మనకి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. మా రోజుల్లో అన్యాయం చేసినవాడికీ పడ్డవాడికీ మధ్య రెండు వీధులే దూరం. తప్పించుకుందామన్నా అదే చర్చి, అదే బస్టాండు, అదే అక్క. ఆ ఇరుకే నా చేత బావగారి దగ్గర ఆ ఒక్క నిజమైనా చెప్పించింది. ఇప్పుడైతే చెప్పేవాణ్ణి కాదు. ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే అనుమానమేస్తుంది.