పాత పుస్తకంలో నంబరు

మా ఊరి చర్చిలో పాడే పాత పాటల పుస్తకం అచ్చు ఆగిపోయి చాలా ఏళ్లయింది. తర్వాత వచ్చినదాంట్లో కొన్ని పాటలు ఎత్తేశారు, నంబర్లన్నీ మార్చేశారు. అందరూ హాయిగా దానికి అలవాటుపడ్డారు, నేను తప్ప. కడపలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవులకు కర్నూలు వైపు ఉన్న మా పల్లెకు పోయినప్పుడల్లా పాత పుస్తకం చంకన పెట్టుకుని ముందు వరసలో కూర్చునేవాణ్ణి. "పాటలంటే ఇవప్పా!" అని అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి. అబ్బో, ఏం పొగరు!

నన్ను పెంచిన పెద్దమ్మ ఆ పొగరును నమ్మింది. మంచం పట్టాక ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "మాయమ్మను పూడ్చినపొద్దు పాడిన పాటే నాకూ పాడల్ల నాయనా. కొత్త బుక్కులో లేదంట. నీ కాడ ఉండాది గదా" అంది.

"నేనుండాను గదా పెద్దమ్మా" అన్నాను, పుస్తకం తెరిచైనా చూడకుండా.

ఆమె పోయింది. సమాధి దగ్గర గొంతు సవరించుకుని, అలవాటు కొద్దీ "నూట నలభై రెండు" అన్నాను. మావాళ్లకు నంబరు వినపడితే చాలు, ఎత్తుకోవడమే. కొత్త పుస్తకంలో ఆ నంబరు పెళ్లిపాట. డోలక్ కూడా మోగింది. కొత్త దంపతులను దీవించమని రెండు లైన్లు పాడేశాక గానీ ఎవరికీ తట్టలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

సరే, నేనే పాడదామని పుస్తకం తెరిచాను. ఆ పేజీని చెదలు తినేశాయి. మొదటి లైను గుర్తుంది, పాడాను. రెండోది ఎంతకీ రాలేదు. ఆమె అడిగింది ఆ ఒక్కటే, అదీ చెయ్యలేకపోయానని ఏడుపొచ్చేసింది.

ఒకప్పుడు పెద్దమ్మతో కలిసి శనక్కాయలు పెరకడానికి పోతూ వచ్చిన ముసలవ్వలు నలుగురు పక్కనే నిలబడి ఉన్నారు. వాళ్లకు చదువు రాదు. వాళ్లలో ఒక అవ్వ ముందుకొచ్చి, "ఊరుకో అబ్బీ. మేం పాడతాం, నువ్వు మా ఎనకాల అను" అంది. నాలుగు చరణాలూ ఎక్కడా తడబడకుండా పాడారు. నేను వాళ్ల వెనకే ఒక్కో మాటా అందుకుంటూ, ఏడుస్తూ, మన్ను వేశాను.

అంతా అయ్యాక ఆ అవ్వ దగ్గరకు పోయి, "మెల్లగా చెప్పవ్వా, రాసుకుంటాను" అన్నాను.

"రాసుకునేదేంది? నేర్చుకో" అంది. "రేపు మాకెవురు పాడతారు?"